రాంగ్ రూట్: మనం చూడని వైపు నుంచి వచ్చే ప్రమాదం

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక, చీకటి పడే వేళ, ఏ ఊరి దగ్గర ఆగినా ఇదే కనిపిస్తుంది. పొలం నుంచో పెట్రోలు బంకు నుంచో బయల్దేరిన ఒక బైకు, రోడ్డు అంచున తెల్లగీత వెంబడి, వస్తున్న లారీలకు ఎదురుగా వెళ్తుంటుంది. ట్యాంకు మీద పిల్లవాడు, వెనుక భార్య, ఆమె ఒడిలో సంచి. హెల్మెట్ అంటూ ఉంటే అది అద్దానికి వేలాడుతుంటుంది. యూటర్న్ కిలోమీటరు అవతల ఉంది, ఇల్లేమో మూడు వందల మీటర్లలోనే ఉంది. ఆ కాస్త దూరానికి అంత చుట్టు ఎందుకన్నది ఆయన లెక్క.

ఆ లెక్కలో ఎదుటివాడు లేడు. డివైడర్ ఉన్న రోడ్డు దాటే మనిషి మొదటి సగంలో కుడివైపే చూస్తాడు, ఎందుకంటే అక్కడ వాహనాలు కుడి నుంచే రావాలి. సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కే కారు డ్రైవరూ మెడ కుడికే తిప్పి, సందు దొరకగానే ముందుకు కదులుతాడు. వారిద్దరిలో ఎవరిదీ అజాగ్రత్త కాదు. నియమాన్ని నమ్మి రోడ్డెక్కిన వారు చూడవలసిన తీరే అది. రాంగ్ రూట్‌లో వచ్చే బండి సరిగ్గా వారు చూడని వైపు నుంచి వస్తుంది. పైగా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న లారీకి 30 కిలోమీటర్ల వేగంతో బైకు ఎదురెళ్తే, వాటి మధ్య దూరం సెకనుకు 25 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. రెండూ ఒకే దిశలో వెళ్తుంటే అది దాదాపు 8 మీటర్లే. బ్రేకు మీద కాలు పడేలోపే ఈ తేడా ఒక ప్రాణం ఖరీదు చేస్తుంది.

చట్టం దీన్ని చిన్న తప్పుగా చూడలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్, ఎదురు దిశలో నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది. ఇలా నడిపితే తొలి నేరానికే వెయ్యి నుంచి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కానీ కాగితం మీది కఠినత్వాన్ని మన ప్రభుత్వాలే పలుచన చేస్తున్నాయి. తెలంగాణలో పెండింగ్ చలానాలపై 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. వెయ్యి రూపాయల చలానా రెండు వందలకు తీరిపోయింది. బకాయిలు వసూలై ఉండవచ్చు, పేదవాడికి ఊరట కలిగి ఉండవచ్చు, కాదనను. అయితే చలానా పడిన రోజే కట్టినవాడు నష్టపోయాడు, ఏళ్ల తరబడి కట్టనివాడు లాభపడ్డాడు. ఇంకో రాయితీ వస్తుందిలే అని ఎదురుచూడటం జనానికి నేర్పింది ప్రభుత్వమే.

హెల్మెట్ విషయంలోనూ మన భయమంతా పోలీసుల గురించే. చెక్‌పోస్టు కనబడగానే తలకెక్కిన హెల్మెట్ మలుపు తిరగగానే మళ్లీ అద్దానికి చేరుతుంది. చాలామంది గడ్డం కింద పట్టీ బిగించనే బిగించరు, అలాంటి హెల్మెట్ కింద పడినప్పుడు తల కన్నా ముందే ఎగిరిపోతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 50,029 మంది హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులు, వెనుక కూర్చున్నవారు.

తప్పంతా బైకు నడిపేవాడి మీదే వేయడం మాత్రం న్యాయం కాదు. రహదారిని నాలుగు వరుసలు చేసినప్పుడు బడి ఒకవైపు, ఊరు ఒకవైపు, పొలాలు ఇంకోవైపు మిగిలిపోయిన చోట్లు ఎన్నో. అక్కడ రెండు వైపులా సాగే సర్వీసు రోడ్డు, ట్రాక్టరు పట్టేంత అండర్‌పాస్, వీధిదీపాలు ఉంటే ఎదురు ప్రయాణాల్లో చాలా భాగం వాటంతటవే ఆగిపోతాయి. రోజూ ఎక్కడ జనం రాంగ్ రూట్ పడుతున్నారో స్థానిక ట్రాఫిక్ సిబ్బందికి తెలుసు. ఆ చోట్ల జాబితాను రహదారి ఇంజినీర్ల ముందు పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆ పని జరిగేదాకా, ట్యాంకు మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకున్న ఆ తండ్రి కిలోమీటరు తిరిగే ఇంటికి వెళ్లాలి.