లైనక్స్ ఫ్రీయే, సరే... మరి ప్రింటరో?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆఫీసులో ఏడో తరం ఇంటెల్ ఐ5 సిస్టమ్ నిక్షేపంగా నడుస్తున్నా, విండోస్ 11 ఎక్కించబోతే ప్రాసెసర్ పనికిరాదంటుంది. పాతదానికే అప్‌డేట్లు కావాలంటే వ్యాపార సంస్థలు మొదటి ఏడాదికి ఒక్కో సిస్టమ్‌కి 61 డాలర్లు కట్టాలి. ఆపై ఏటా రెట్టింపు, మూడేళ్లకు మొత్తం 427. ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ సిస్టమే వస్తుంది కదా!

దీనికి అందరూ పడేసే సలహా: ‘విండోస్ తీసేసి ఉబుంటు వేసెయ్ గురూ, అదీ లైనక్సే, ఫ్రీ’. వేస్తాం. ఎంఎస్ ఆఫీస్‌కి బదులు వాడే లిబ్రాఫీస్, బ్రౌజర్ హాయిగా నడుస్తాయి. లెక్కలు రాసే టాలీ? అది విండోస్ కోసం రాసింది. విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపే వైన్‌లో తెరుచుకున్నా, బిల్లు ప్రింట్ దగ్గర మొరాయిస్తే అడిగే దిక్కుండదు. టేబుల్ మీది కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌కి కేనన్ సొంత భాష క్యాప్ట్ తప్ప, చాలా ప్రింటర్లకు తెలిసిన పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ భాషలు తెలియవు. 64 బిట్ లైనక్స్‌లో దాని డ్రైవర్ కోసం 32 బిట్ లైబ్రరీలు వెతికి పెట్టాలి. డీటీపీ షాపుల గోడు వేరే. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేనిచోట అన్నీ పిచ్చిగీతలే.

ముందు లైవ్ యూఎస్‌బీతో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేసి ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోమని ఈ సలహాదారుల్లో ఒక్కరూ చెప్పరేం?