అరిచింది నేను కాదు, నా సెరటోనిన్

పర్లాకిమిడిలో ఈమధ్య చెడ్డవాళ్లు కనిపించడం మానేశారు. ఉన్నవాళ్లంతా సెరటోనిన్ అనే, మూడ్‌ని నడిపిస్తుందని చెప్పే రసాయనం తక్కువైనవాళ్లే. అప్పు ఎగ్గొట్టిన దూరపు చుట్టానికీ, పందిట్లో మర్యాద జరగలేదని అలిగి గుణుపురం బస్సెక్కేసిన మేనమామకీ ఒకటే సర్టిఫికెట్టు: "పాపం, తిండి సరిగ్గా లేదండీ, మూడ్ స్వింగ్సు."

సైన్సుని కాదనడానికి నేనెవర్ని? ఒంట్లో సెరటోనిన్ దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని మా బావమరిది రెండు అరటిపళ్లు తిని, ఆనందం ఎప్పుడొస్తుందా అని అరుగు మీద కూర్చున్నాడు. పేగుల్లో పుట్టింది మెదడులోకి పోదు నాయనా, మధ్యలో గట్టి కాపలా ఉంది! మెదడు తనది తనే వండుకోవాలి, దానికి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కావాలి, అది పప్పులోనూ గుడ్డులోనూ చేపలోనూ ఉంటుంది గానీ ఆ గుమ్మం దగ్గర మిగతా అమైనో ఆమ్లాలతో తోసుకుని లోపలికి పోవాలి. ఒట్టి అన్నం తింటే ఇన్సులిన్ పెరిగి ఆ పోటీగాళ్లని కండరాల్లోకి మళ్లిస్తుంది, దీనికి దారి దొరుకుతుంది. కాస్త పప్పు కలిపారో, మళ్లీ రద్దీ. ఆ లెక్కన రోజూ దాల్మా, అంటే కూరగాయలేసి వండిన పప్పు తినే మా జిల్లాలో ఎవడూ నవ్వకూడదు.

అలాగని అంతా ఉత్తిదే అనను. 2017లో ఆస్ట్రేలియా వాళ్లు డిప్రెషన్ ఉన్న 67 మందిని తీసుకుని, కొందరి తిండిని 12 వారాల పాటు కూరగాయలు, పప్పులు, చేపల వైపు మళ్లిస్తే వాళ్లలో దాదాపు మూడోవంతు మంది తేరుకున్నారు, కబుర్లతో సరిపెట్టినవాళ్లలో 8 శాతమే. చిన్న పరీక్షే, అయినా తీసిపారేసేది కాదు. అదే ఏడాది మన ఒడిశా ప్రభుత్వం చోళ్లని, అంటే రాగుల్ని గుర్తుచేస్తూ మిల్లెట్ మిషన్ పెట్టింది. కోరాపుట్ కొండల్లో ఇప్పటికీ తాగుతున్నదే, మా అమ్మమ్మ గ్లాసులో పోస్తే మేం ముఖం తిప్పుకున్నదే ఆ చోడంబలి. ఇప్పుడు దాన్నే డబ్బాలో పోసి, మీద నవ్వే అమ్మాయి బొమ్మ వేసి అమ్ముతుంటే "మూడ్‌కి మంచిదట" అంటూ కొనుక్కుంటున్నాం.

1944-45లో అమెరికాలో 36 మంది కుర్రాళ్లని ఆరు నెలలు అరకడుపుతో ఉంచి చూశారు. చిరాకు, దిగులు, పొద్దస్తమానం తిండి ధ్యాసే. ఇంత శ్రమ దేనికి? మా వైపు పెళ్లిలో మూడో బంతి దాకా ఆగినవాళ్లని అడిగితే ఆ పూటే తేలిపోయేది. కడుపు నిండనివాడి కోపాన్ని కూడా రసాయనం ఖాతాలో రాసేసి, వాడికి బియ్యం బదులు చియా గింజలు తినమని చెప్పే పెద్దమనుషులున్నారే, వాళ్ల ట్రిప్టోఫాన్‌కి ఏ లోటూ ఉండదు.

కాబట్టి నా డిమాండ్లు రాసుకోండి. అన్నదమ్ముల ఆస్తి పంపకాలు భోజనాలయ్యాకే మొదలుపెట్టాలి. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం కన్నా ముందు బీ12 విటమిన్ రిపోర్టు అడగాలి, ఎందుకంటే అది బాగా తగ్గితే మనిషికి నిజంగానే నీరసం, దిగులు పట్టుకుంటాయి, శాకాహారులకైతే ఆ ముప్పు మరీ ఎక్కువ. రిపోర్టు శుభ్రంగా ఉండి కూడా పెళ్లాం మీద అరిచేవాణ్ని మాత్రం డైటీషియన్ దగ్గరికి పంపకండి, పాత పద్ధతిలోనే వాళ్ల అత్తగారికి అప్పజెప్పండి.