ఓవర్‌బర్డెన్ అనే ఊరు

హనుమకొండలోని ఒక ఫంక్షన్ హాలులో మొన్న జరిగిన బొగ్గు పెట్టుబడుల అవగాహన సదస్సుకు నన్ను కూడా పిలిచినందుకు నిర్వాహకులకు ముందుగా కృతజ్ఞతలు. వేదిక మీద గాజు పెట్టెలో పట్టుగుడ్డ పరిచి, పిడికెడంత బొగ్గు పెళ్లను కూర్చోబెట్టి, బంతిపూల దండ వేశారు. వక్త తెల్లని చేతి తొడుగులు తొడుక్కొని దానిని పసిబిడ్డలా ఎత్తి చూపించగా, ముందు వరుసలోని పెద్దలు లేచి ఫోటోలు తీసుకున్నారు. వారిలో ఒకరు ముచ్చటపడి తాకి, వేలికి నలుపు అంటిందని తడి టిష్యూ అడిగారు. అది దొరికేదాకా, సుమారు ఐదు నిమిషాలు, దేశాభివృద్ధి ఆగిపోయింది.

వక్త చెప్పిన లెక్కలు తప్పని నేననను. 2019లో బొగ్గు తవ్వకంలోకి నూరు శాతం విదేశీ పెట్టుబడిని రానిచ్చారు. 2020 నుంచి వాణిజ్య వేలం నడుస్తున్నది, ఆదాయంలో కనీసం 4 శాతం వాటా ఇస్తామంటే పాటలో కూర్చోవచ్చును. 2024-25లో దేశ ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది. 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు బయటపడింది, తరాల తరబడి మనవాళ్లు బొగ్గు బాయిలోకి దిగుతూనే ఉన్నారు. అయినా ఇది ‘ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తున్న రంగమ’ట.

నన్ను పట్టుకొని వదలనిది మాత్రం ఓవర్‌బర్డెన్ అనే మాట. బొగ్గు పొర మీద ఉన్నదంతా ఓవర్‌బర్డెనే. మన్ను, రాయి, వాటి మీది పత్తిచేను, ఇప్పచెట్టు, పోచమ్మ గుడి అన్నీ అడుగున ఉన్న బొగ్గు పాపం ఇన్నాళ్లూ మోస్తున్న బరువన్నమాట. టన్ను బొగ్గుకు ఎన్ని ఘనపు మీటర్ల బరువు ఎత్తిపోయాలన్న దానిని బట్టే లాభం. నేలను పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని పక్క ఊళ్లో ఉండే మా పెద్దమ్మకు ఈ సంగతి తెలియదు. బ్లాస్టింగు వేళకు అటక మీది గిన్నెలు ముందుగానే దించుకుంటుంది, గోడ పగుళ్లలో ఏటేటా మట్టి మెత్తుతుంది, తాను ఇంకా మనిషిననే అనుకుంటున్నది.

తరువాత తెర మీద ‘రిస్కులు’ వచ్చాయి: ధరల హెచ్చుతగ్గులు, అనుమతుల జాప్యం, స్థానికుల అభ్యంతరాలు. 2003 జూన్‌లో గోదావరిఖని సెవెన్ ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ నీళ్లు మీ పట్టికలో ఏ వరుసలో ఉన్నాయయ్యా? మనిషి పోవడం రిస్కు కాదు, ఫైలు ఆలస్యం కావడం రిస్కా? సిగ్గుండాలి!

లేచి అడిగాను. అది సామాజిక అంశమని, భోజనాల తరువాత మాట్లాడుకుందామని వక్త సౌమ్యంగా సెలవిచ్చారు. భోజనాల తరువాత హాలులో గాజు పెట్టె, నేను మిగిలాము. పెరుగు చాలనందుకు మాత్రం నిర్వాహకులు అంతకుముందే మైకులో క్షమాపణ చెప్పుకున్నారు.