‘నిన్న ఏం పెట్టావు?’ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ‘నిన్న ఏం పెట్టావు?’ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. అంటే కుశలం మీకు, దురద మా అమ్మాయికి.

పిల్ల ఒంటి మీద నాలుగు ఎర్రమచ్చలు కనపడితే చాలు, మందు కంటే ముందు, డాక్టరు కంటే ముందు మీరు దిగిపోతారు. ఎన్ని నోళ్లలో కాపురం ఉంటారో మీకే తెలియాలి. అమ్మమ్మ నోట ‘కొత్తదేమైనా తినిపించావా తల్లీ’ అని మెత్తగా వస్తారు. మేనత్త నోట కాస్త ఘాటుగా వస్తారు. వీడియో కాల్‌లో పిల్ల మొహం సగమే కనపడినా, ఆ సగం చూసే అడిగేస్తారు. మీలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది: పొరపాటున కూడా పిల్ల తండ్రిని అడగరు. గిన్నె, చెంచా ఆయన చేతిలోనే ఉన్నా సరే, మీ చూపు మాత్రం నా మీదే.

మీ పుణ్యమా అని మా ఇంట్లో కటకటాల వెనక్కి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. ముందు గుడ్డు పోయింది. ఆ వెనకే పాలు, వేరుశనగలు. టమాటాను కూడా వదల్లేదు. టమాటా పులుపుకు చొంగ తోడైతే చిన్నపిల్లల మూతి చుట్టూ మెత్తటి చర్మం ఎర్రబడుతుంది, కడిగితే కాసేపటికి సర్దుకుంటుంది, అదంతా అలర్జీ కానక్కర్లేదు అని డాక్టరు చెప్పినా మీరు వినలేదు. తర్వాత సబ్బు, ఆ తర్వాత బట్టల పౌడరు, ఆఖరికి ఒక చెవి ఊడిపోయిన గుడ్డ కుందేలు. సాక్షులు లేరు, వాయిదాలు లేవు, ‘పడలేదు’ అన్న ఒక్క మాటతో తీర్పు అయిపోయింది. వీళ్లందరూ లోపలున్న రోజుల్లో కూడా దద్దుర్లు నిక్షేపంగా వచ్చాయి. దానికి మీరు సిగ్గుపడలేదు. ‘అయితే ఇంకేదో పెట్టి ఉంటావు’ అన్నారు.

అసలు మీరు అడగడం మీద నాకు పేచీ లేదు. మీరు పట్టుకుని వేలాడే ఆ ‘నిన్న’ మీదే పేచీ.

తిండి పడక లేచే దద్దుర్లు మామూలుగా తిన్న నిమిషాల్లోనో, మహా అయితే 2 గంటల్లోపో లేస్తాయి. పిడుదులు కుట్టినవాళ్లలో కొందరికి వచ్చే మాంసం అలర్జీ 3 నుంచి 6 గంటలు ఆలస్యం చేస్తుంది, అదీ ఆ పూట సంగతే. కాబట్టి నిన్న మధ్యాహ్నం తిన్న గుడ్డును ఈ పొద్దున లేచిన దద్దురుకు బాధ్యుణ్ణి చేయాలంటే, అది రాత్రంతా ఎక్కడ దాక్కుందో కూడా మీరే చెప్పాలి. ఇదే గుడ్డును అంతకుముందు వారం తిని పిల్ల చక్కగా ఆడుకుందన్న సంగతి మీ ఫైల్లో ఎక్కడా లేదు.

ఇక తగిలితే వచ్చే అలర్జీ ఉంది. అది నింపాదిగా వచ్చే రకం. తగిలిన ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడో రోజుకు గానీ మొహం చూపించదు. చర్మవైద్యులు చేసే ప్యాచ్ టెస్ట్ కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది: అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద అంటించి 48 గంటలు ఉంచుతారు, తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు. 1895లో యోసెఫ్ యాడసోన్ అనే చర్మవైద్యుడు ఈ పద్ధతిని లోకానికి చూపించాడు. అంటే వందేళ్లకు పైగా డాక్టర్లు ‘మొన్న ఏం తగిలింది’ అని అడుగుతుంటే, మీరింకా నిన్నటి గిన్నెలు కడుగుతూనే ఉన్నారు. బొడ్డు కింద రూపాయి బిళ్లంత మేర చర్మం గరుకుగా, పొలుసులు లేచి, ఎంత పూసినా తగ్గకుండా ఉంటే ఒక్కసారి పిల్ల ప్యాంటు తిప్పి చూడండి. లోపలి వైపు లోహపు గుండీ సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంటుంది. అందులోని నికెల్ చాలామందికి పడదు. దాన్ని వేరుశనగ మీద రుద్దడం ఏం న్యాయం?

తడి తుడుపు కాగితాల సంగతి ఇంకా ముచ్చటైనది. వాటిలో వాడుతూ వచ్చిన మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నిల్వ మందును 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ‘ఆ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటించింది. పిల్లల మూతి చుట్టూ, పిర్రల దగ్గర మానని ఎర్రదనానికి ఇది కారణమైన సందర్భాలు ఉన్నాయి. మూతి ఎర్రబడిందని తల్లి తుడుస్తుంది, తుడిచిన కొద్దీ ఇంకా ఎర్రబడుతుంది. పెట్టింది ఏమిటని అడిగారు గానీ, తుడిచింది దేనితోనని ఏనాడైనా అడిగారా మీరు?

వైరస్‌ల దగ్గరికొస్తే మీ ‘నిన్న’ ఎందుకూ కొరగాదు. వైద్యుల్లో వెనకటి తరం పిల్లల ఒంటి మీద పొక్కే జబ్బులకు వరసగా అంకెలు వేసింది. తట్టు ఒకటోది. నాలుగోదిగా లెక్కపెట్టిన జబ్బు అసలు విడిగా ఉందా అనే అనుమానం తర్వాత వచ్చి, దాన్ని వాడుకలోంచి వదిలేశారు. చూశారా, అనుమానం వస్తే లెక్క కొట్టేసే అలవాటు వాళ్లకుంది. ఐదోదానిలో చెంపదెబ్బ తిన్నట్టు బుగ్గలు కందుతాయి, తర్వాత చేతులకు కాళ్లకు అల్లిక గీసినట్టు ఎరుపు వస్తుంది. అది ఎండకు, వేడినీళ్ల స్నానానికి వారాల తరబడి వచ్చి పోతుంటుంది. ఆరోదాని తీరు మీకు మరీ వాటం: మూడు నుంచి ఐదు రోజులు గట్టి జ్వరం, అది దిగీదిగగానే ఒంటినిండా గులాబీ మచ్చలు. జ్వరం తగ్గి పిల్ల మొదటిసారి నోరు తెరిచి ఏది తింటే అది పోయినట్టే. నిజానికి ఆ వైరస్ ఒంట్లోకి వచ్చి వారం పది రోజులైపోయి ఉంటుంది.

జ్వరానికి అప్పటికే పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ పడి ఉంటే మీ పంట పండినట్టే. ‘మందు పడలేదు’ అని తేల్చేస్తారు. అది నిజంగా మందు వల్లేనా, వైరస్ వల్లా అని తర్వాత ఎవరూ తిరిగి చూడరు. పిల్ల ఫైలు మీద ‘పెన్సిలిన్ అలర్జీ’ అని ఎర్ర సిరాతో పడుతుంది, పెళ్లీడు దాటినా చెరగదు. అలా రాయించుకున్నవాళ్లను డాక్టర్లు పద్ధతిగా పరీక్షిస్తే 100లో 90 మందికి పైగా ఆ మందును ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. ఊరికే పడిన ఆ ముద్ర వల్ల జీవితాంతం వేరే ఘాటు మందులు మింగాల్సి రావడం మీ ఖాతాలోనిదే.

గజ్జి మాటెత్తితే మీకు కోపం వస్తుంది, పరువుగల ఇళ్లలో ఉండదని మీ నమ్మకం. ఆ పురుగుకు పరువు సంగతి తెలియదు. మొదటిసారి పట్టినప్పుడు 4 నుంచి 6 వారాల దాకా దురదే పుట్టదు. రాత్రిళ్లు దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు లేచి, ఇంట్లో మరొకరు కూడా గోక్కుంటున్నారంటే అడగాల్సింది నెలన్నర కిందటి సంగతి.

మా ఇంట్లో మీకు ఎదురు నిలిచింది ఒక బాల్‌పెన్. డాక్టరు చెప్పిన ఉపాయమే. పిల్ల తొడ మీద లేచిన దద్దురు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. కాస్త ఉబ్బుగా, నడుమ పాలిపోయి, అంచులు ఎర్రగా ఉంది. ‘కదలకు, బొమ్మ వేస్తున్నా’ అంటే నవ్వుతూ పడుకుంది. సాయంత్రానికి సున్నా ఉంది, అందులో దద్దురు లేదు. చర్మం నున్నగా, ఏమీ ఎరగనట్టుంది. సున్నాకు బెత్తెడు అవతల కొత్తది లేచింది. ఒక్కో దద్దురు 24 గంటల్లోపు మచ్చ మిగల్చకుండా పోతూ, చోటు మారుతూ ఉంటే అది అర్టికేరియా. చర్మంలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలినప్పుడు లేచే వాపు అది. పిల్లల్లో ఇలా ఉన్నట్టుండి వచ్చేవాటి వెనక తరచుగా కనపడేది జలుబో, గొంతునొప్పో తెచ్చిన వైరస్. చాలాసార్లు ఏ కారణమూ దొరకదు. ఎక్కువమందిలో 6 వారాల్లోపే తగ్గిపోతుంది.

‘కారణం దొరకలేదు’ అంటే మీ మొహం ఎలా మాడిందో చూశాను. డాక్టరుకు ఏమీ రాదన్నారు. ఆ డాక్టరేమో ఒక్కో మచ్చ ఎంతసేపు ఉంటోంది, నొప్పా దురదా, ముందు వారం జ్వరం వచ్చిందా, కొత్త మందు ఏమైనా వేశారా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని వరసగా అడిగారు. తిండి సంగతీ అడిగారు, కానీ ‘తిన్న ఎన్ని నిమిషాలకు?’ అని. మచ్చలు క్లినిక్ మెట్లెక్కేసరికి మాయమవుతాయి గనక టైముతో సహా ఫొటోలు తీసి పెట్టుకోమన్నారు. ఆ ఫొటోల వరసలో ఉన్న విషయం మీ నోట ఏనాడూ రాలేదు.

అక్కడితో ఊరుకున్నారా? ‘అన్నిటికీ కలిపి ఒక రక్తపరీక్ష చేయించెయ్’ అన్నారు. అది మీరే తెల్లకోటు వేసుకుని వచ్చిన రూపం. అలర్జీలో పాలుపంచుకునే ఐజీఈ అనే యాంటీబాడీని రక్తంలో వెతికే పరీక్షలో ఒక తిండి పేరు ఎదురుగా గుర్తు పడిందంటే శరీరం దాన్ని గుర్తుపట్టిందని అర్థం. తింటే ఒళ్లు దద్దురెక్కుతుందని కాదు. అందుకే జరిగిన కథ దేన్ని చూపిస్తే దానికే పరీక్ష చేస్తారు. తిండికి ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని వెతికే పరీక్షల సంగతి ఇంకా తేట: అలర్జీ తేల్చడానికి అవి పనికిరావని నిపుణుల సంఘాలే చెబుతున్నాయి.

అనుమానమొచ్చిన ప్రతిదీ మానేయించడం ఉచితమనుకుంటున్నారు మీరు. ఎదిగే పిల్లకు పాలు, గుడ్డు ఊరికే ఆపితే ఆ లోటు ఎక్కడో ఒకచోట తేలుతుంది. పైగా ఎగ్జిమా అనే పొడిబారి దురదపెట్టే చర్మజబ్బు ఉన్న పిల్లలకు వేరుశనగను దూరంగా ఉంచడమే మంచిదని లోకం చాలాకాలం నమ్మింది. 2015లో వెలువడిన లీప్ పరిశోధనలో అలర్జీ ముప్పు ఎక్కువున్న పసివాళ్లకు ఏడాది లోపు నుంచే వేరుశనగను తగిన రూపంలో పెడుతూ వస్తే, 5 ఏళ్లు వచ్చేసరికి ఆ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనపడింది.

మీకు అసలు చోటే లేదని అనను. తిన్న కాసేపటికే పెదాలు, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లతో పాటు వాంతులై పిల్ల వాలిపోయినా అది క్షణం ఆగే పని కాదు. అప్పుడు కావలసింది అడ్రినలిన్ సూది, ఆసుపత్రి. జ్వరంతో పాటు లేచిన మచ్చల మీద గాజుగ్లాసు అదిమి చూస్తే రంగు పోకపోయినా అంతే, వెంటనే పరుగెత్తాలి. అక్కడైతే తిండి మాటే అనవసరం. మొదటి రకంలో మాత్రం మీ అవసరం ఉంది, ‘నిన్న’ను గుమ్మం బయట వదిలి రాగలిగితే. ‘ఇప్పుడేం తింది? ఎన్నింటికి తింది?’ అని అడగండి, చెబుతాను. కాకపోతే ముందు నన్ను అంబులెన్సుకు ఫోన్ చేసుకోనివ్వండి. వాళ్ల నాన్న ఖాళీగానే ఉంటారు, ఆయన్ని అడగండి.

ఇట్లు,
మీ శాశ్వత ముద్దాయి,
పిల్ల తల్లి