కిక్ కొట్టించడం తప్పు కాదు, వెనక కాపలా లేకపోవడమే తప్పు

2013 నవంబరు 30న ఆబర్న్‌లోని జోర్డాన్-హేర్ స్టేడియంలో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అలబామా, ఆబర్న్ విశ్వవిద్యాలయాల జట్లు 28-28తో సమంగా ఉండగా గడియారం సున్నాకు చేరింది. అలబామా కోచ్ నిక్ సేబన్ అభ్యంతరం చెప్పడంతో రిఫరీలు వీడియో చూసి ఒక్క సెకను తిరిగి ఇచ్చారు. ఆ సెకనులో 57 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యనుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చే కిక్) కొట్టమని ఆయన కిక్కర్ ఆడమ్ గ్రిఫిత్‌ను పంపారు. బంతి గోల్ దాకా వెళ్లలేక దిగిపోయింది. సరిగ్గా అక్కడే కాచుకున్న ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని అందుకుని, ఎడమవైపు గీతను ఒరుసుకుంటూ మైదానం ఆ కొసదాకా పరుగెత్తడంతో ఆబర్న్ 34-28తో గెలిచింది.

కిక్ మానేసి ఓవర్‌టైమ్‌కు (స్కోరు సమమైతే ఆడే అదనపు ఆటకు) వెళ్లాల్సిందన్న విమర్శతో నేను ఏకీభవించను. ఓవర్‌టైమ్‌లో ప్రతి జట్టూ ప్రత్యర్థి వైపు 25 గజాల గీత నుంచి మొదలుపెడుతుంది కాబట్టి ఫలితం చాలాసార్లు ఫీల్డ్ గోల్ మీదే తేలుతుంది. ఆ రోజు అలబామాకు కొరవడింది ఆ ఫీల్డ్ గోలే.

అసలు లోపం మైదానంలో ఎవరున్నారన్నదే. ఫీల్డ్ గోల్ జట్టులో ఎక్కువమంది ఎదుటివారిని అడ్డుకోవడానికి నిలబెట్టిన భారీకాయులు. చిరుతలాంటి పరుగుగాణ్ణి వెంటాడి పట్టుకోవడం వారి పని కాదు. బంతి గోల్ దాకా చేరకపోతే ప్రత్యర్థి దాన్ని పట్టుకుని పరుగెత్తవచ్చని నిబంధనే చెబుతోంది. ఆబర్న్ కోచ్ గస్ మాల్జాన్ ఆ అవకాశాన్ని ముందే చూశారు; వెనక నిలబెట్టిన ఆటగాణ్ణి మార్చి మరీ డేవిస్‌ను పంపారు.

అంతకన్నా నన్ను కలవరపరిచేది ఆట చివరి భాగమైన నాలుగో క్వార్టర్. అలబామా 28-21తో ముందుంది, బంతి ఆబర్న్ 13 గజాల గీత దగ్గర ఉంది, నాలుగో డౌన్‌లో (పది గజాలు ముందుకు సాగడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానిలో) ఒక్క గజం కావాలి. సుమారు 30 గజాల కిక్ పడితే ఆధిక్యం పది పాయింట్లయ్యేది. అప్పటికే రెండు కిక్‌లు తప్పిన మరో కిక్కర్ కేడ్ ఫాస్టర్‌ను నమ్మలేక సేబన్ పరుగునే ఎంచుకున్నారు, ఆబర్న్ ఆపేసింది. ఆ నిర్ణయం వరకూ సమర్థించవచ్చు. అయితే కొన్ని నిమిషాలకే అదే కుర్రాణ్ణి 44 గజాల కిక్‌కు పంపడం ఏ లెక్క ప్రకారం? దాన్నీ ఆబర్న్ అడ్డుకుంది, మరో 32 సెకన్లే మిగిలుండగా స్కోరు సమం చేసింది.

ఓటమి తర్వాత తిట్లూ బెదిరింపులూ మాత్రం ఫాస్టర్‌కే వచ్చాయి. అతని జెర్సీ సంఖ్య 43. ఆ రోజుల్లో అతనికి ధైర్యం చెబుతూ స్వహస్తాలతో ఉత్తరం రాసినవారిలో అమెరికా 43వ అధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా ఉన్నారు.