కొరియా సంస్కృతి: మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు

ఇక్కడి కుర్రకారు కొరియాకీ, అక్కడివాళ్లు ఇక్కడికీ వచ్చిపోయే యువజన మార్పిడి కార్యక్రమాల మీద ఈమధ్య కొందరు పనిగట్టుకుని విమర్శలు చేస్తున్నారు. ఇంత ఖర్చు పెట్టి పిల్లల్ని సియోల్ తీసుకెళ్లి ఏం చూపించారు, ఫొటోల తంతు తప్ప అని వాళ్ల గోల. మా మేనకోడలు వెళ్లొచ్చిన బృందం షెడ్యూల్‌ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాక, ఈ విమర్శ ఎంత అన్యాయమో నాకు తెలిసొచ్చింది. ఒక దేశానికి వెళ్లి, ఆ దేశం ఒంటికి తగలకుండా క్షేమంగా తిరిగి రావడం ఆషామాషీ వ్యవహారం కాదు. దాని వెనక చాలామంది కష్టం ఉంటుంది.

ముందు ప్రారంభ సభ. భారత్, కొరియాల మైత్రి గురించి ఎవరు మైకు పట్టుకున్నా రెండే విషయాలు చెబుతారు. ఒకటి, క్రీ.శ. 48లో అయుత అనే దేశం నుంచి పడవెక్కి వచ్చి సురో రాజును పెళ్లాడిన హో హ్వాంగ్ ఓక్ కథ. ఆ అయుత మన అయోధ్యేనా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు గానీ వక్తలు ఎప్పుడో తేల్చేశారు. రెండోది, 1929లో ఠాగూర్ కొరియాను తూర్పు దేశాల దీపమంటూ రాసిన చిన్న కవిత. 1953 ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. కొరియా యుద్ధం ఆగాక, సొంత దేశానికి తిరిగి వెళ్లేది లేదని భీష్మించిన యుద్ధఖైదీలకు కాపలా కాయడానికి భారత సైనికులు రెండు కొరియాల సరిహద్దు దాకా వెళ్లారు. ఆ వ్యవహారం చూసిన కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్యే అధ్యక్షుడు. ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దన్న కొందరు కొరియన్లు చివరికి మన దేశానికే వచ్చారు. ఇవన్నీ చెబితే పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. రాణిగారితో ఆ ఇబ్బంది లేదు. ఎంతసేపు పొగిడినా ఎవరూ ఏమీ అడగరు.

తర్వాత గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజప్రాసాదం. ఇక్కడ సంస్కృతి గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. కోట చుట్టుపక్కల వీధుల నిండా హాన్‌బోక్ అనే కొరియా సంప్రదాయ దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలే. లంగా లోపల తీగ రింగు, పైన జరీ లేసు, కింద మనం విమానంలో వేసుకొచ్చిన స్పోర్ట్స్ షూ. హాన్‌బోక్ వేసుకున్నవాళ్లకు కోటలోకి ప్రవేశం ఉచితం. బృందం వెంట ఉన్న కొరియన్ సమన్వయకర్త ఒక్కడే మామూలు ప్యాంటు, చొక్కాలో వచ్చాడట. ఆయన 3,000 వోన్ పెట్టి టికెట్ కొనుక్కోవాల్సి వచ్చింది. సంస్కృతి విషయంలో అశ్రద్ధ చేస్తే స్థానికుడినైనా ఉపేక్షించకపోవడం నాకు బాగా నచ్చింది.

ఈ కోట 1395లో కట్టింది. 1592లో జపాన్ దండయాత్ర నాడు తగలబడి, 1867 దాకా లేవలేదు. లేచిన కొన్నాళ్లకే జపాన్ వలస పాలన వచ్చి చాలా భవనాలు పీకేసి, 1926 నాటికి సరిగ్గా దీని ఆవరణలోనే ముందువైపు గవర్నర్ జనరల్ కార్యాలయాన్ని నిలబెట్టింది. దాన్ని కొరియన్లు 1995లో కూల్చడం మొదలుపెట్టారు. గైడు ఇదంతా చెబుతున్నప్పుడు మనవాళ్లు లంగా లోపలి రింగు సర్దుకునే పనిలో ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. నాలుగింటికల్లా బట్టలు తిరిగి ఇవ్వకపోతే అదనంగా వడ్డిస్తారు. ఆరు వందల ఏళ్ల చరిత్ర ఎక్కడికీ పోదు, డిపాజిట్టు పోతుంది.

కొరియన్ల క్యాబేజీ ఊరగాయ కిమ్చీ పెట్టడం నేర్పే తరగతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. చలికాలం ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కూర్చుని నెలల తరబడికి సరిపడా కిమ్చీ పెట్టుకునే కిమ్‌జాంగ్ ఆచారాన్ని 2013లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. క్యాబేజీలను చీల్చి, ఉప్పులో రాత్రంతా నానబెట్టి, కడిగి, వార్చి, నడుములు పడిపోయేలా చేసే పని అది. ఆ శ్రమంతా కార్యక్రమంలోంచి తెలివిగా తీసేశారు. పిల్లలు వెళ్లేసరికి ఊరిన క్యాబేజీ సిద్ధం, కారం ముద్ద సిద్ధం, గులాబీ రంగు రబ్బరు గ్లోవ్స్ సిద్ధం. ఆకు ఎత్తి కారం పూయడం, కెమెరా వైపు చూడడం, ఇంకో ఆకు ఎత్తడం. ఆ ముద్దలో చిన్న రొయ్యల ఉప్పూరగాయ, చేపల రసం ఉంటాయన్న సంగతి బృందంలోని శుద్ధ శాకాహారులకు చేతులు కడుక్కున్నాక చెప్పారు. ఇక "అచ్చం మా ఆవకాయలాగే ఉందండీ" అన్న మాట అనకుండా ఆ గది దాటిన తెలుగువాడు ఇంతవరకు పుట్టలేదు. దీనికోసం సియోల్ దాకా ఎందుకు, కియా ఫ్యాక్టరీ పుణ్యమా అని పెనుకొండ వైపు బస్సెక్కితే కిమ్చీ దొరుకుతుంది కదా అని విమర్శకులు అంటారు. దొరుకుతుంది. కానీ ప్లేటులో వస్తుంది, సర్టిఫికెట్ రాదు.

సాంస్కృతిక సాయంత్రం సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. వాళ్లు మనకు కె-పాప్ స్టెప్పులు నేర్పారు, మనవాళ్లకు అవి ముందే వచ్చు. మనం వాళ్లకు నాటు నాటు నేర్పాం. ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది 2023 ఫిబ్రవరిలోనే ఆ స్టెప్పులేసి వీడియో పెట్టారు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి గ్రూప్ ఫొటో దిగారు.

ఇంత పకడ్బందీ ఏర్పాట్లలోనూ కొన్ని లోపాలు దొర్లాయి. పెద్దమనసుతో చెబుతున్నాను, నిర్వాహకులు వెంటనే సరిచేసుకోవాలి. అక్కడక్కడా సందుల్లోంచి అసలు కొరియా లోపలికి వచ్చేస్తోంది.

ఉదాహరణకు, ఆ కోట ప్రధాన ద్వారం గ్వాంగ్‌హ్వామున్ దగ్గర టీ తాగిన మా మేనకోడలు ఆ ఖాళీ కప్పును హోటల్ దాకా మోసుకెళ్లింది. దారిలో ఎక్కడా చెత్తడబ్బా కనిపించలేదు. చెత్త పారేయడానికి డబ్బు కట్టి సంచి కొనుక్కోవాలన్న పద్ధతి 1995లో దేశమంతా వచ్చాక, ఇంటి చెత్త తెచ్చి వీధి డబ్బాల్లో కుక్కుతున్నారని సియోల్‌లో చాలా డబ్బాలు తీసేశారు. ఇలాంటి విషయం పిల్లలకు స్లైడ్లు లేకుండా, నేరుగా చేతికి అంటుకుంటే ఎలా? మెట్రోలోనూ అంతే. జనం కిక్కిరిసి నిలబడినా వృద్ధుల సీట్లు ఖాళీగానే ఉన్నాయి. మనవాళ్లలో ఇద్దరు సంబరంగా వెళ్లి కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పెట్టె మొత్తం తల తిప్పి చూసింది. మరుసటి స్టేషన్‌లో ఆ ఇద్దరూ లేచి, మిగతా ప్రయాణమంతా ఒంటికాలి మీద ఉన్నట్టు నిలబడ్డారు. మర్యాదల మీద పెట్టిన గంటన్నర ఉపన్యాసం ఏం చేసిందో తెలీదు గానీ, ఈ చూపు మాత్రం బాగా పనిచేసినట్టుంది.

అన్నిటికన్నా ఘోరం, రాత్రి పదకొండింటికి షెడ్యూల్‌లో లేని సమావేశం ఒకటి జరిగింది. హోటల్ పక్కన కన్వీనియన్స్ స్టోర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలు. మా మేనకోడలికి జతగా వేసిన కొరియన్ కుర్రాడు మొదట ఏ సంవత్సరంలో పుట్టావని అడిగాడు. తను పెద్దవాడని తేలగానే, ఎంత వారించినా వినకుండా రెండు కప్పుల నూడుల్స్‌కీ తనే డబ్బు కట్టాడు. పెద్దవాళ్లే కట్టాలట. ఏడాదిన్నర సైన్యంలో చేసి వచ్చి మళ్లీ కాలేజీలో కూర్చున్నాడు. ఈ కార్యక్రమానికి ఎందుకు వచ్చావంటే ఉద్యోగ దరఖాస్తులో ఒక లైను పెరుగుతుందని ఉన్నమాట చెప్పేశాడు. మా మేనకోడలికీ కావలసింది అదే లైను.

ఆ తర్వాత అతను కాలేజీ సీటు కోసం రాసే సునుంగ్ పరీక్ష గురించి చెప్పాడు. ఏటా నవంబరులో, అందులో ఇంగ్లిష్ విని జవాబులు రాసే భాగం జరిగే కాసేపూ దేశమంతా విమానాలు దిగవు, ఎగరవు. చదువు పిచ్చి ముదిరి ట్యూషన్ సెంటర్లు రాత్రి పదికల్లా మూసెయ్యాలని సియోల్‌లో రూలు పెట్టాల్సి వచ్చిందట. మా మేనకోడలు ఇంటర్‌లో తను ఉన్న కార్పొరేట్ కాలేజీ హాస్టల్ గురించి చెప్పింది: తెల్లవారుజామున లేపడం, స్టడీ అవర్స్, ఆదివారం పరీక్ష, మార్కుల జాబితా గోడకు అంటించడం. అతను నూడుల్స్ పక్కన పెట్టి మరీ విన్నాడట. "మావయ్యా, అక్కడున్నన్నాళ్లూ నేను చెప్పింది ఒకరికి నిజంగా అర్థమవడం అదే ఫస్ట్ టైమ్" అంది. పర్యవేక్షణ లేకపోతే ఇలాంటివే జరుగుతాయి.

రాబోయే చలికాలం ఆ కొరియన్ బృందం హైదరాబాద్ వస్తోంది. మన ఏర్పాట్లలో అలాంటి సందులు ఉండవని భరోసా ఇవ్వగలను. శిల్పారామంలో కుండలు, తలపాగా చుట్టించి ఎడ్లబండి ఫొటో, ఏ నెలైనా సంక్రాంతి ముగ్గు. ఆ కుర్రాడు ఎవరిదైనా జూనియర్ కాలేజీ స్టడీ అవర్ ఒకటి చూడాలని ఉందని రాశాడట. కుదరదు. ఆ టైముకి గోరింటాకు ఉంది.