రైతన్నా, స్వచ్ఛందంగా ఇరుక్కో!

ప్రతి అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలు వస్తాయి. ఎవరో ఒకరు మైకు పట్టుకుని "రైతులు స్వచ్ఛందంగా ముందుకు రావాలి" అంటారు. చప్పట్లు, టీ, సమోసా. ముందుకొచ్చిన రైతు ఏమవుతాడో మాత్రం చెప్పరు. ఆ లోటు నేను తీరుస్తాను.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం, సొంత భూమిలో జీవాలను కాపాడతానని మీరే ముందుకొస్తే ప్రభుత్వం దాన్ని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. మహా సంతోషం. ఆ తర్వాత రిజర్వు నిర్వహణ కమిటీ తీర్మానం, దానిపై రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం లేనిదే ఆ భూమి వాడకం మార్చకూడదు.

ఊహించుకోండి. నందికొట్కూరు వైపు ఓ పెద్దాయన చేలో బట్టమేక అనే అరుదైన పెద్ద పక్షి గుడ్డు పెట్టింది. (పెట్టేది ఒక్కటే, అదీ వట్టి నేల మీద. మన పథకాల మీద దానికంత నమ్మకం.) ఆయన మురిసిపోయి సంతకం పెట్టాడు. రెండేళ్లకు గట్టు పక్కన గొడ్లకొట్టం వేసుకుందామనుకున్నాడు. కమిటీ కూర్చుంది. కోరం లేదు. మళ్లీ కూర్చుంది. తీర్మానం అమరావతికి వెళ్లి, "పక్షి సమ్మతిపత్రం జతపరచలేదు" అన్న రిమార్కుతో తిరిగొచ్చింది. జతపరిచారు. "సంతకం గెజిటెడ్ అధికారి ధృవీకరించలేదు" అని మళ్లీ వచ్చింది. ఈలోపు ఆవు ముసలిదైపోయింది. ఇదంతా చూసిన పక్కచేని ఆసామి మాత్రం, ఆకాశంలో రెక్క కనబడితే చాలు, పిట్ట తన చేలో వాలకుండా రేకు డబ్బా వాయించి తరిమేస్తున్నాడు.

అమెరికా రైతులకూ ఈ తెలివి ఉండేది. నార్త్ కరొలైనాలో ఓ అరుదైన వడ్రంగిపిట్ట గూడు కడితే చెట్టు కొట్టే హక్కు పోతుందని, అది రాకముందే పైన్ చెట్లు నరికేసేవారు. 1995లో ప్రభుత్వం ఒప్పందానికి దిగింది: ఇవాళ ఉన్న పిట్టల్ని కాపాడు, నీ శ్రమతో ఇంకా పెరిగితే వాటి పేరు చెప్పి నిన్ను కట్టిపడేయం. మొదట సంతకం పెట్టింది ఓ గోల్ఫ్ రిసార్టు! గోల్ఫ్ కోర్సుకు దొరికిన ఆ భరోసా జొన్న చేనుకు దొరకదా?

నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రధానంగా బట్టమేక కోసం పెట్టారు. సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. పిట్ట సరిహద్దు రాళ్లు చూసుకుని మేస్తుందా? బయట సాగునీళ్లొచ్చాయి, పంటలు మారాయి, బట్టమేక కనిపించడమే గగనమైంది. కృష్ణజింకలు మాత్రం పెరిగి చేలమీద పడ్డాయి. పంట పోయినవాడికే మళ్లీ త్యాగం మీద ఉపన్యాసం! సిగ్గనిపించదూ? దేశం మొత్తంలో స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు సుమారు నూట యాభై మాత్రమే మిగిలాయి, ఇంకా ఎవరి స్వచ్ఛందం కోసం చూస్తున్నారు? గుడ్డు పొదిగే నెలల్లో దున్నకుండా ఆపితే ఎకరానికి ఎంతిస్తారో, ఏ తేదీకి ఇస్తారో, వద్దనుకుంటే రైతు ఎలా బయటపడొచ్చో స్టాంపు కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. తెలుగులో రాయండి.